డబ్బు కట్టి ఆప్షన్స్ సెమినార్‌కి వెళ్లాలా, వేరే దారి చూసుకోవాలా?

ఆప్షన్స్ ట్రేడింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గర ఆగుతారు, ఫీజు కట్టి సెమినార్‌కి వెళ్తే లాభమా లేక దండగా అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత ఎందుకో చూద్దాం. కాల్ (ఒక ధరకి కొనే హక్కు) ఏంటి, పుట్ (ఒక ధరకి అమ్మే హక్కు) ఏంటి అని ఇంకా తడుముకుంటున్న స్టేజ్‌లో ఉంటే పెయిడ్ సెమినార్ వద్దు. కొన్ని నెలలు సొంతంగా చదివి, పేపర్ ట్రేడింగో (అసలు డబ్బు పెట్టకుండా ఉత్తుత్తి ట్రేడ్లు) మినిమమ్ సైజ్‌తోనో చేసి, "నేను ఫలానా చోట ఇరుక్కుంటున్నా" అని వేలు పెట్టి చూపించగలిగే స్థాయికి వచ్చాక డబ్బు ఖర్చు పెట్టొచ్చు, అప్పుడు కూడా రెండు వందల మంది కూర్చునే హాల్ మీద కాదు, మీ ట్రేడ్లు తెరిచి చూసి తప్పు చెప్పే మనిషి మీద.

ఎందుకంటే కొత్త ట్రేడర్‌కి కావాల్సినవి రెండు రకాలు. ఒకటి సమాచారం, రెండోది మనం చేసిన పని మీద ఎవరైనా ఇచ్చే ఫీడ్‌బ్యాక్. మొదటిది ఫ్రీగా ఎక్కడపడితే అక్కడ ఉంది, రెండోది దొరకడం కష్టం. సెమినార్‌ల వాళ్లు ఎక్కువ భాగం మొదటిదాన్ని రెండోదాని రేటుకి అమ్ముతారు, గొడవంతా అక్కడే.

ఆ రెండు రోజుల్లో చెప్పేదేంటి

మామూలు వీకెండ్ వర్క్‌షాప్ తీసుకుంటే మొదటి రోజు కాల్, పుట్, స్ట్రైక్ (ఆ హక్కులో రాసుకున్న ధర), ఎక్స్‌పైరీ (హక్కు ముగిసే రోజు), ఇన్ ద మనీ (ఇప్పుడే వాడితే ఎంతో కొంత వచ్చేది) అవుట్ ఆఫ్ ద మనీ (ఇప్పుడే వాడితే ఏమీ రానిది), పేఆఫ్ గ్రాఫ్‌లు, కాస్త గ్రీక్స్ (ఆప్షన్ ధర దేనికి ఎంత కదులుతుందో చెప్పే కొలతలు). రెండో రోజు స్ప్రెడ్‌లు, స్ట్రాడిల్, స్ట్రాంగిల్, ఐరన్ కాండోర్ (రెండు కాల్స్, రెండు పుట్స్ కలిపి వేసేది) లాంటి కాంబినేషన్లు, మధ్యలో రెండు మూడు ఇండికేటర్లు, చివర్లో వాళ్ల "సొంత సెటప్". ఆ సొంత సెటప్ సగం సార్లు మూవింగ్ యావరేజ్ క్రాసోవర్‌కి (సగటు ధరల గీతలు ఒకదాన్నొకటి దాటడం చూసి ట్రేడ్ చేసే పాత పద్ధతి) కొత్త పేరు పెట్టిందే అయ్యుంటుంది, నమ్మకపోతే పేరు పక్కనపెట్టి రూల్స్ మాత్రం కాగితం మీద రాసి చూడండి తెలిసిపోతుంది.

ఇందులో రహస్యం ఏమీ లేదండి. బ్లాక్, షోల్స్ వాళ్ల ఆప్షన్ ప్రైసింగ్ పేపర్ అచ్చయింది 1973లో, చికాగోలో లిస్టెడ్ ఆప్షన్స్ కోసం సీబీఓఈ ఎక్స్ఛేంజ్ తెరిచింది కూడా అదే సంవత్సరం. అంటే ఈ లెక్కలన్నీ 50 ఏళ్ల పైనుంచి జనం చేతుల్లోనే ఉన్నాయి. సీబీఓఈ ఆప్షన్స్ ఇన్‌స్టిట్యూట్ 1985 నుంచి నడుస్తోంది, ఆప్షన్స్ ఇండస్ట్రీ కౌన్సిల్ 1992 నుంచి ఇన్వెస్టర్లకి పాఠాలు చెప్తోంది, వాళ్ల ఆన్‌లైన్ మెటీరియల్ ఫ్రీ. చాలా ఎక్స్ఛేంజ్‌లు, బ్రోకర్లు కూడా బేసిక్ కోర్సులు ఊరికే పెట్టారు, వాళ్లకి మీరు ట్రేడ్ చేస్తే ఆదాయం కాబట్టి పెట్టారు, అది గుర్తుంచుకుని చదివితే ఆ పాఠాలకి వచ్చే లోటేం లేదు. ఆప్షన్స్ క్లియరింగ్ కార్పొరేషన్ తయారుచేసే రిస్క్ డాక్యుమెంట్ ఒకటుంటుంది, అమెరికాలో ఆప్షన్స్ అకౌంట్ ఇచ్చే ముందు బ్రోకర్ అది కస్టమర్‌కి ఇచ్చి తీరాలి. చదవడానికి బోరే కానీ సెమినార్ స్లైడ్‌లలో చిన్న అక్షరాల్లోకి పోయే విషయాలన్నీ అందులో పెద్దగానే ఉంటాయి.

అలాగని సెమినార్‌లో ఏమీ ఉండదు అనను. ఫ్రీ మెటీరియల్‌తో పెద్ద ఇబ్బంది ఏంటంటే అది గుట్టలాగా పడి ఉంటుంది, ఏది ముందు ఏది వెనక తెలియదు, ఒక వీడియో చూస్తే అది ఇంకో పది వీడియోల్లోకి తీసుకెళ్తుంది, నెల తర్వాత చూస్తే పేర్లు అన్నీ వచ్చు లెక్క ఒక్కటీ రాదు. సెమినార్‌లో ఎవరో ఒక వరుస పెట్టి ఇస్తారు, డబ్బు కట్టాం కదా అని మనం కూడా ఫోన్ పక్కన పడేసి వింటాం. ఆ వరుసకి, ఆ బలవంతానికి కొంత విలువ ఉంది. ఎంత విలువ అన్నదే బేరం.

కొత్తవాళ్లు నిజంగా దెబ్బ తినేది ఎక్కడ

ఇది కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే మీకు సెమినార్ అవసరమా లేదా అనేది మీరే టెస్ట్ చేసుకోవడానికి ఇదే పనికొస్తుంది.

షేర్ 100 దగ్గర ఉంది, 100 స్ట్రైక్ కాల్ 4 పెట్టి కొన్నారు. ఎక్స్‌పైరీ రోజు షేర్ 103. మీరు అనుకున్నట్టే పెరిగింది, అయినా కాల్ విలువ 3 మాత్రమే, మీకు 1 నష్టం. బ్రేక్‌ఈవెన్ (లాభం నష్టం లేని ధర) 104 కదా. ఇది సులువు, అందరికీ ఎక్కుతుంది.

ఇప్పుడు ఇంకోటి. రేపు కంపెనీ రిజల్ట్స్ ఉన్నాయి, షేర్ 100, ఇంకో 30 రోజులున్న 100 స్ట్రైక్ కాల్ 6 దగ్గర ఉంది, అంటే ఇంప్లైడ్ వొలాటిలిటీ (ఐవీ, షేర్ ఎంత ఊగుతుందని ఆప్షన్ ధరలో దాగున్న అంచనా) సుమారు 52 శాతం. రిజల్ట్స్ బాగొచ్చాయి, షేర్ తెల్లారేసరికి 103, కానీ టెన్షన్ తీరిపోయింది కాబట్టి ఐవీ సగానికి, 26కి పడిపోయింది. మీ కాల్ ఇప్పుడు ఎంత? వడ్డీ పక్కనపెట్టి లెక్క కడితే సుమారు 4.70. షేర్ 3 శాతం పెరిగింది, మీరు అన్నది అన్నట్టు జరిగింది, మీ పెట్టుబడిలో ఐదో వంతు పైగా ఒక్క రాత్రిలో పోయింది. కొత్తగా వచ్చినవాడు ఇక్కడే స్క్రీన్ వైపు నోరెళ్లబెట్టి చూసి బ్రోకర్ మోసం చేశాడు అనుకుంటాడు.

మూడోది ఎవరూ పెద్దగా చెప్పనిది, బిడ్ (కొనేవాళ్లు ఇస్తామనే ధర) ఆస్క్ (అమ్మేవాళ్లు అడిగే ధర) తేడా. ఆప్షన్ బిడ్ 1.90, ఆస్క్ 2.10 ఉంటే ఆస్క్‌లో కొని వెంటనే బిడ్‌లో అమ్మితే 0.20 పోయినట్టే, అంటే దగ్గర దగ్గర 10 శాతం, ఇంకా ధర కదలనే లేదు. ఐరన్ కాండోర్‌కి నాలుగు లెగ్‌లు (విడివిడి ఆప్షన్లు), ఎంట్రీ ఎగ్జిట్ కలిపితే ఇలాంటి తేడా నాలుగు సార్లు కట్టినట్టే. స్లైడ్ మీద గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా ఈ ఖర్చు అందులో కనిపించదు.

ఈ మూడూ మీరు ఇంకొకరికి కాగితం మీద లెక్క వేసి చెప్పగలిగితే మొదటి రోజు సెమినార్ మీకు అవసరం లేదు, ఆల్రెడీ అయిపోయింది. చెప్పలేకపోతే ముందు ఫ్రీ మెటీరియల్‌తో, ఒక ఆప్షన్ క్యాలిక్యులేటర్‌తో కొన్ని వారాలు కూర్చోండి. ఐవీ మారుస్తూ, రోజులు తగ్గిస్తూ ధర ఎలా కదులుతుందో మీ చేత్తో మీరు చూస్తే వచ్చే పట్టు ఏ హాల్‌లో ఏ మైక్ ముందు కూర్చున్నా రాదు.

ఎదురుగా ఉన్న దారులు

ఫ్రీ వెబినార్, ఫ్రీ ఇంట్రో సెషన్: ఇది పాఠం కాదు, అమ్మకం. గంటన్నరలో ఇరవై నిమిషాలు విషయం, మిగతాదంతా జీవితం మారిపోయిన కథలు, చివర్లో "ఈ రోజే కడితే సగం ధర" అనే కౌంట్‌డౌన్. వెళ్లడంలో తప్పులేదు, చెప్పేవాడి తీరు తెలుస్తుంది, కానీ కార్డు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఈ రోజు సగం ధరకి దొరికేది వచ్చే వారం కూడా సగం ధరకే దొరుకుతుంది, పెట్టి చూడండి పందెం.

వీకెండ్ వర్క్‌షాప్: పైన చెప్పిందే. ఫీజు తక్కువుండి, గుంపు చిన్నదై, చెప్పేవాడు లెక్కలు చేయిస్తూ చెప్పే రకం అయితే ఓకే. అలాంటివి ఉన్నాయి కానీ వాటికి అడ్వర్టైజ్‌మెంట్లు తక్కువ, వెతుక్కోవాలి.

పెద్ద ప్యాకేజీ, మెంటార్‌షిప్ పేరుతో నెలల తరబడి సాగేది: కొత్తవాళ్లకి అన్నిటికంటే ప్రమాదం ఇదే, ఎందుకంటే ఫీజు మీ ట్రేడింగ్ క్యాపిటల్‌నే మింగేస్తుంది. పైగా లెవెల్ ఒకటి, లెవెల్ రెండు, ఎలైట్ అని మెట్లుంటాయి, అసలు సరుకు ఎప్పుడూ పై మెట్టు మీదే ఉంటుంది. వాయిదాల్లో కట్టండి, లోన్ మేమే ఇప్పిస్తాం అంటే అక్కడితో లేచి వచ్చేయండి, అప్పు చేసి నేర్చుకున్నవాడు అప్పు తీర్చాలన్న తొందరలో సైజ్ పెంచుతాడు, ఆప్షన్స్‌లో అంతకంటే చెడ్డ కారణం ఇంకోటి లేదు.

రికార్డెడ్ కోర్సు: చౌక, ఆపి ఆపి చూసుకోవచ్చు, ఫ్రీ మెటీరియల్ గుట్టలో వరుస కావాలి అంతే అనుకునేవాళ్లకి ఇది చాలు. డౌట్ అడిగే దిక్కుండదు, అంతే లోటు.

సిగ్నల్స్ గ్రూప్: దీన్ని చదువు లిస్టులో వేయనే కూడదు కానీ అందరూ వేస్తారు. ఎవరో "ఇప్పుడు కొను" అంటే మీరు కొనేలోపు ముందున్నవాళ్లు కొనేశారు, లిక్విడిటీ లేని (కొనేవాళ్లు అమ్మేవాళ్లు తక్కువున్న) స్ట్రైక్ అయితే వాళ్లు అమ్మేది మీకే. నేర్చుకునేది సున్నా.

గంటకి ఫీజు తీసుకుని మీ ట్రేడింగ్ జర్నల్ చూసే అనుభవజ్ఞుడు: నా ఓటు దీనికి. అయితే జర్నల్ ఉండాలి కదా, కనీసం ముప్పై నలభై ట్రేడ్లు, ఎందుకు ఎంటర్ అయ్యాను, ఎంత పోతే బయటికి వస్తా అనుకున్నాను, నిజంగా ఎక్కడ వచ్చాను అని రాసుకున్నది. అది పట్టుకెళ్తే ఒక్క గంటలో "నువ్వు స్టాప్‌లాస్ రాస్తున్నావు కానీ పాటించట్లేదు" అనో, "ఎప్పుడూ ఎక్స్‌పైరీకి రెండు రోజులున్న అవుట్ ఆఫ్ ద మనీ కాల్సే కొంటున్నావు" అనో తేలిపోతుంది. ఇది ఏ స్లైడ్‌లోనూ ఉండదు, ఎందుకంటే ఇది మీ గురించి.

నేర్పితే గెలుస్తారా అసలు

ఇక్కడ నంబర్లు చూడాలి, చేదుగానే ఉంటాయి. ఇండియాలో మార్కెట్ రెగ్యులేటర్ సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన స్టడీ ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. బ్రెజిల్‌లో 2013, 2015 మధ్య ఈక్విటీ ఫ్యూచర్స్‌లో డే ట్రేడింగ్ మొదలుపెట్టినవాళ్లందర్నీ పరిశోధకులు గమనిస్తే 300 రోజులకి మించి వదలకుండా చేసినవాళ్లలో 97 శాతం మందికి నష్టమే, ఆ దేశపు కనీస వేతనం కంటే ఎక్కువ సంపాదించింది 1.1 శాతం. తైవాన్‌లో 1992 నుంచి 2006 దాకా డేటా చూస్తే ఖర్చులు పోను నిలకడగా లాభం తీసే డే ట్రేడర్లు ఒక శాతం లోపే. చివరి రెండూ ఆప్షన్స్ మీద చేసినవి కావు, డే ట్రేడింగ్ మీద చేసినవి, కానీ ఎదురయ్యే మనుషులు వాళ్లే, బలహీనతలూ అవే.

సెమినార్ అమ్మేవాళ్లు ఈ నంబర్లు వాళ్లే చూపించి "చూశారా, అందుకే ట్రైనింగ్ కావాలి" అంటారు. బాగుంది, అయితే ట్రైనింగ్ తీసుకున్నవాళ్లలో ఎంతమంది లాభాల్లో ఉన్నారో కూడా చూపించాలిగా, అది అడగండి. మా స్టూడెంట్లందరి రిజల్ట్స్ ఇవిగో అని పూర్తి డేటా పెట్టేవాళ్లు కనపడరు, ముగ్గురు నలుగురి టెస్టిమోనియల్స్ మాత్రం ఎప్పుడూ రెడీగా ఉంటాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020లో ఒక పెద్ద ట్రేడింగ్ ట్రైనింగ్ సంస్థ మీద కోర్టుకెక్కినప్పుడు చేసిన ఆరోపణ కూడా ఇదే తరహా, సంపాదన గురించి ఆధారం లేని ఆశలు చూపించి పెద్ద ఫీజులు వసూలు చేశారని.

ఫీజు లెక్క ఒకటి ఎవరూ వేసుకోరు. మీ దగ్గర ట్రేడింగ్ కోసం 100 ఉంది, ఫీజుకి 30 పోయింది, మిగిలింది 70. మళ్లీ 100కి రావాలంటే 43 శాతం లాభం తీయాలి, అది కూడా కొత్తగా నేర్చుకుంటూ. ఫీజు 50 అయితే వంద శాతం. 5 అయితే 5.3 శాతం, పోతే పోయిందిలే అనుకోవచ్చు. అందుకే నా లెక్కలో ట్రేడింగ్ క్యాపిటల్‌లో 5 శాతం దాటే ఏ కోర్సూ కొత్తవాళ్లకి కాదు. ఫీజు పెద్దగా ఉంటే చదువు మీద ఖర్చు పెట్టినట్టు అనిపిస్తుంది కానీ నిజానికి మొదటి ట్రేడ్ కంటే ముందే భారీ డ్రాడౌన్ (క్యాపిటల్‌లో తరుగు) తీసుకున్నట్టు.

స్టేజ్ మీద చూపించేవి

విన్ రేట్ 90 శాతం అని స్క్రీన్ మీద పడగానే చప్పట్లు కొట్టకండి. ఇప్పటి ధరకి దూరంగా ఉన్న స్ట్రైక్‌ల ఆప్షన్లు అమ్మేవాడికి 90 శాతం గెలుపు వింతేమీ కాదు, ఆ ఆట తీరే అంత. తొమ్మిది సార్లు 2 చొప్పున 18 వచ్చి, పదోసారి మార్కెట్ గ్యాప్ కొట్టి (ఒక్కసారిగా ఎగిరో పడిపోయో) 25 పోతే మొత్తం మైనస్ 7, విన్ రేట్ మాత్రం అప్పుడు కూడా 90 శాతమే. అడగాల్సింది సగటు గెలుపెంత, సగటు ఓటమెంత, ఒక్కసారిలో అత్యధికంగా పోయిందెంత అని.

లాభాల స్క్రీన్‌షాట్ గురించి చెప్పాలంటే అది రుజువు కాదు. రెండు అకౌంట్లలో ఒకదానిలో కాల్ ఒకదానిలో పుట్ కొని సాయంత్రం గెలిచినదాన్ని చూపించడం చిన్నపిల్లలకి కూడా వచ్చిన టెక్నిక్. డెమో అకౌంట్ రంగులు మార్చి చూపించేవాళ్లూ ఉన్నారు. ఇంకో మాట, చెప్పేవాడు తన లింక్‌తో ఫలానా బ్రోకర్ దగ్గర అకౌంట్ తెరవమంటే మీరు చేసే ప్రతి ట్రేడ్‌లో అతనికి వాటా ఉండే అవకాశం ఉంది. అప్పుడు రోజుకి పది ట్రేడ్లు చేయించే స్ట్రాటజీ ఎందుకంత గొప్పదని చెప్తున్నాడో మీకే అర్థమవుతుంది.

రెగ్యులేటర్లు కూడా ఇది గమనించే ఉన్నారు. సెబీ 2025 జనవరిలో ఒక గీత గీసింది, కేవలం చదువు చెప్తున్నాం అనేవాళ్లు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడి ఫలానా సెక్యూరిటీ గురించి మాట్లాడకూడదని. లైవ్ మార్కెట్‌లో ట్రేడ్లు చేసి చూపిస్తాం అనేది అక్కడ చదువు కిందకి రాదు, సలహా కిందకి వస్తుంది, సలహాకి రిజిస్ట్రేషన్ కావాలి. మీరున్న దేశం ఏదైనా సరే, చెప్పేవాడు రిజిస్టర్ అయ్యాడా లేదా అనేది రెగ్యులేటర్ వెబ్‌సైట్‌లో ఐదు నిమిషాల పని, ఫీజు కట్టే ముందు ఆ ఐదు నిమిషాలు పెట్టండి.

అయినా వెళ్దామనే ఉంటే

సరే, ఇదంతా చదివాక కూడా వెళ్లాలనిపిస్తే కట్టే ముందు ఇవి రాతపూర్వకంగా తెప్పించుకోండి: పూర్తి సిలబస్, బ్యాచ్‌లో ఎంతమంది, డౌట్లకి ఎంత టైం, సెమినార్ అయ్యాక మీ ట్రేడ్లు ఎవరైనా చూస్తారా, చూస్తే ఎవరు చూస్తారు, ఆయనా లేక అసిస్టెంటా. రిఫండ్ రూల్స్ నోటితో కాదు, కాగితం మీద. కొన్ని చోట్ల మొదటి సెషన్‌కి హాజరైతే రిఫండ్ లేదు అని ఉంటుంది, మరి హాజరు కాకుండా బాలేదని ఎలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి. నెగెటివ్ రివ్యూ రాయకూడదు అనే షరతు ఎక్కడైనా కనపడితే ఇక చర్చే అక్కర్లేదు.

చెప్పేవాడిని ఒక్క ప్రశ్న అడగండి, మీ స్ట్రాటజీ ఎలాంటి మార్కెట్‌లో పని చేయదు అని. నిజంగా ట్రేడ్ చేసేవాడు అప్పటికప్పుడు చెప్తాడు, ఐవీ తక్కువున్నప్పుడు ఆప్షన్లు అమ్మి ప్రీమియం తీసుకోవడం నాకు గిట్టుబాటు కాదనో, ట్రెండ్ గట్టిగా ఉన్న రోజు నా కాండోర్లు చితికిపోతాయనో. "మాది అన్ని మార్కెట్లలో పని చేస్తుంది" అన్నాడంటే అతని ఆదాయం ట్రేడింగ్ నుంచి కాకుండా టికెట్ల నుంచి వస్తోందని అనుకోవడమే క్షేమం.

ఎవరికి సెమినార్ పనికొస్తుంది అంటే, ఇప్పటికే షేర్లలో కొన్నేళ్ల అనుభవం ఉండి ఆప్షన్స్‌ని హెడ్జింగ్ (ఉన్న షేర్లకి నష్టం నుంచి రక్షణ) కోసం వాడుకుందాం, ఉన్న షేర్ల మీద కవర్డ్ కాల్ రాద్దాం (అంటే వాటి మీద కాల్ అమ్ముదాం) అనుకునేవాళ్లకి, ఫీజు వాళ్ల క్యాపిటల్‌లో చిల్లర అయినప్పుడు, ఒక రోజు కూర్చుని వరుసగా వినేస్తే నెల పని మిగులుతుంది. ఉద్యోగం మానేసి దీని మీదే బతుకుదాం అనుకుని వెళ్లేవాళ్లకి అస్సలు వద్దు, కానీ హాల్‌లో ముందు వరుసల్లో కూర్చునేది ఎక్కువగా వాళ్లే.

మిగతావాళ్లు ఆ ఫీజు డబ్బుని విడిగా పక్కన పెట్టండి. మూడు నెలలు ఫ్రీ మెటీరియల్, క్యాలిక్యులేటర్, పేపర్ ట్రేడ్లు. పేపర్ ట్రేడింగ్‌లో భయం ఉండదు, ఫిల్స్ (ఆర్డర్ అమలయ్యే ధరలు) కూడా నిజం కంటే బాగా వస్తాయి, అందుకని అక్కడ వచ్చిన లాభాన్ని నమ్మకుండా ఎక్కడ తప్పులు చేశారో మాత్రం రాసుకోండి. తర్వాత మినిమమ్ సైజ్‌తో, ఒక్క ట్రేడ్‌లో క్యాపిటల్‌లో 1 శాతానికి మించి పోకుండా, నష్టానికి హద్దున్న పొజిషన్లు మాత్రమే. మీ మార్కెట్‌లో ఒక లాట్ కనీస సైజే ఆ 1 శాతం దాటిపోతుంటే మీ క్యాపిటల్ ఇంకా సరిపోదని అర్థం, పేపర్ మీదే కొనసాగండి. జర్నల్ నిండాక పక్కన పెట్టిన ఆ డబ్బు తీసి దాన్ని చూసి పెట్టేవాడికి ఇవ్వండి. ఈలోపే ఆప్షన్స్ నాకు పడవు అని తేలిపోతే ఆ డబ్బు ఎలాగూ మీ దగ్గరే ఉంటుంది.